నలభై ఆరు

ఏజెంటు వేలు నాలిక మీద తడి చేసుకుని కాగితం తిప్పాడు. పన్నుల ఆఫీసు సూపరింటెండెంటు ముఖం చిట్లించాడు. ఆ ఎంగిలి వేలితోనే సంతకం చోటు కూడా చూపిస్తాడు కాబోలు, ఛీ!

నిజానికి ఇంకొకర్ని చూసి రోత పడే మొహం తనది కాదని ఆయనకీ తెలుసు. కుడివైపు కింది దవడలో పన్ను పుచ్చి ఏడాదైంది. నోరు తెరిస్తే కంపు. ఆఫీసులో ఫైలు తెచ్చినవాళ్ళు ఆమడ దూరంలో నిలబడి చెయ్యి చాచి అందిస్తున్నారు. అదీ భరించాడు. కానీ మొన్న నాలుగేళ్ళ మనవరాలిని ఎత్తుకుని ముద్దు పెట్టబోతే, ముక్కు మూసుకుని "తాతయ్యా, యాక్!" అంటూ ఒళ్ళోంచి జారిపోయింది. ఆ రోజే దంత బీమా వాళ్ళకి ఫోన్ చేశాడు.

బీమా కంపెనీ డాక్టరు ముందే వచ్చి నోరు చూసి వెళ్ళాడు. పుల్లతో గుచ్చి, ముఖం అటు తిప్పుకుని, వెంట వచ్చిన నర్సుకి ఏవో అంకెలు చెప్పాడు. వెధవ, డాక్టరై ఉండి ముఖం తిప్పుకోవడమేమిటి!

"అన్నీ చదువుకున్నాకే సంతకం పెట్టండి సార్," అన్నాడు ఏజెంటు.

"నాకు చెప్పకు. ముప్ఫై ఏళ్ళుగా కాగితాలతోనే కాపురం చేస్తున్నాను. చిన్న అక్షరాల్లో మీరెన్ని వేషాలేస్తారో నాకు తెలీదా?"

కళ్ళజోడు తుడుచుకుని గీత గీతా చదివాడు. మొదటి ఆరు నెలలు ఏ వైద్యానికీ పైసా రాదు. దొంగ వెధవలు! పళ్ళు తెల్లబరచడానికి ఇవ్వరు. ఈ వయసులో తనకెందుకది? చివరి పేజీలో అడుగున ఒక వరుస కనిపించింది.

'పన్ను మినహాయింపు: 46.'

అప్పటికిగాని ఆయన ముఖం విప్పారలేదు. నలభై ఆరో సెక్షనేమిటో చప్పున గుర్తు రాలేదు. కొత్తగా వచ్చిందేమో. అడుగుదామంటే నామోషీ. పన్నుల ఆఫీసులో తల నెరిసినవాడు పోయి పోయి ఈ ఎంగిలి వేలు వాణ్ణి అడగడమా!

"పన్ను మినహాయింపు చూశారు కదా సార్? తరవాత గొడవ పడకూడదు. చాలామంది అది చూసే లేచిపోతారు."

"తెలివితక్కువ సన్నాసులు. నాకు కావలసిందే అది. ఇలా తే పెన్ను."

ఏజెంటు ఎగాదిగా చూశాడు. "మీలాంటి కస్టమర్ని నేనింతవరకూ చూళ్ళేదు సార్."

ఆరు నెలలు ఆయన ఎడమవైపే నమిలాడు. దవడ వాచింది. చీము నాలిక మీదికి ఊరుతుంటే ఉమ్మేసి, తన నోరంటే తనకే అసహ్యం పుట్టి, క్యాలెండరులో రోజులు కొట్టేసుకున్నాడు. మనవరాలు గుమ్మంలోంచే చెయ్యూపి వెళ్ళిపోయేది.

"ఇంకెన్నాళ్ళండీ ఈ కంపు? చూపించేసుకోరాదూ?" అంది భార్య.

"బీమా ఉండగా చేతి చమురు వదిలించుకోమంటావా? నోరు మూసుకో."

"ఆ పని మీరు చేస్తే ఇల్లంతా బాగుపడుతుంది," అందావిడ.

గడువు తీరిన మర్నాడే, తెల్లారి ఆసుపత్రి తలుపు తియ్యగానే వెళ్ళి కౌంటరు మీద పాలసీ కాగితం పెట్టాడు. కౌంటరులో అమ్మాయి మాస్కు సర్దుకుని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కంప్యూటరు చూసింది.

"మీకు బీమా రాదండీ. పన్ను మినహాయింపు ఉంది కదా, నలభై ఆరు."

"ఉంటే మంచిదేగా! పన్నుల ఆఫీసు వాణ్ణమ్మా నేను. ఆ మినహాయింపు సంగతి మా ఆఫీసులో నేను చూసుకుంటాను. నువ్వు ముందు నా వైద్యం సంగతి చూడు."

ఆ అమ్మాయి జాలిగా చూసి, గోడకున్న దంతాల పటం వైపు పెన్ను చూపించింది.

"మీ ఆఫీసులో పన్నుకి కాదు సార్ మినహాయింపు, మీ నోట్లో పన్నుకి, కుడివైపు కింద పుచ్చిపోయింది చూడండి, దాని నంబరే నలభై ఆరు."