ముగ్గురికీ ఒకే గది

విశాఖ ఎయిర్‌పోర్టులోనే గొడవ మొదలైంది.

"ఆ నీళ్ల సీసా లోపలికి రానివ్వరని చెప్పానా లేదా? మీ మూలంగా అందరం ఆగిపోవాలా?" అని మధులత కసిరింది.

"అరవకు. నానేటి నీ పనిమనిషినా?" అంది నాగమణి. లైన్లోనే నిలబడి నీళ్లన్నీ గటగటా తాగేసి, ఖాళీ సీసా మధులత చేతిలో పెట్టింది. నాగవంశీ ఇద్దరినీ చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బూసాన్‌లో దిగేసరికి అది ఇంకా ముదిరింది.

కొరియాలో ఐదు రోజుల టూరు. విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన వాళ్లు ఇరవై ఇద్దరు. గైడ్ అశోక్‌ది మర్రిపాలెం. బస్సు ఆగిన ప్రతిచోటా, దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి అందరినీ లెక్కపెట్టుకునేవాడు.

హోటల్లో అతను లిస్టు చూసి, "నాగవంశీ, మధులత, నాగమణి. ఒకే ఫ్యామిలీ, ఒకే గది," అని తాళం కార్డు అందించాడు.

నాగమణి అడ్డం వచ్చింది. "ఒకే గదేటి బాబూ? నాకు ఏరేగా ఇప్పించు."

"బుక్ చేసిందే అలాగ పిన్నిగారూ. కొడుకూ కోడలేగా, సర్దుకోండి."

గదిలో ఒక పెద్ద మంచం, ఒక చిన్న మంచం. చిన్న మంచం మీద నాగమణి తన సంచీ పడేసింది. పెద్ద మంచం మీద మధులత అడ్డంగా పడుకుంది. నాగవంశీ దుప్పటి తీసుకుని నేల మీద పరుచుకున్నాడు. లైటు ఆర్పబోతే ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే "ఉంచు" అన్నారు. టూరు మొత్తంలో ఆ ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మర్నాడు సముద్రం ఒడ్డున అశోక్ అందరికీ ఫొటోలు తీశాడు.

"కొంచెం దగ్గరగా జరగండి. అన్నా, మీ ఆవిడ భుజం మీద చెయ్యెయ్యి."

నాగవంశీ చెయ్యి వేశాడు. మధులత దాన్ని విసిరికొట్టింది. "ఇంకోసారి ముట్టుకుంటే బాగోదు."

చుట్టూ ఉన్నవాళ్లు గతుక్కుమన్నారు. ఫొటోలో ముగ్గురూ మూడు వైపులకి చూస్తున్నారు.

భోజనాల దగ్గర నాగవంశీ ఓ రొయ్యల పళ్లెం తెచ్చి నాగమణి ముందు పెట్టాడు. ఆమె దాన్ని నెట్టేసింది.

"రొయ్యలు నాకు పడవు. ఒళ్లంతా దద్దుర్లొత్తాయి."

"నాకేటి తెలుసు? నువ్వు సెప్పలేదు," అన్నాడతను.

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "అమ్మకి ఏం పడదో తెలీదా?"

"ఆయనకి ఏం తెలుసండీ? పెళ్లిరోజే గుర్తుండదు," అని మధులత వెంటనే అందుకుంది. అంటూనే బల్ల కింద నాగవంశీ కాలు గట్టిగా తొక్కింది.

నాలుగో రోజు బస్సులో అశోక్ వచ్చి నాగమణి పక్కన కూర్చున్నాడు. ఆమె సరిగ్గా తినడం లేదని గమనించాడేమో, ఓ ఆవకాయ పొట్లం, అన్నం డబ్బా చేతిలో పెట్టాడు.

"మీ కోడలిది గోదావరి వైపా పిన్నిగారూ? మాట అలాగుంది."

"ఏమో. దాన్నే అడుగు."

అశోక్ నవ్వాడు. "ఎంత కోపమైనా అలాగంటారేటి? కానీ ఒకటి సెప్పనా, మీతో నాకు బెంగ లేదు. పోయిన ట్రిప్పులో ఒక జంట సిలకా గోరింకల్లా తిరిగారు. ఆఖరి రోజు బస్సెక్కలేదు. ఇక్కడే ఎక్కడో పనికి కుదిరిపోయారట. మా ఓనరు నన్ను తిట్టని తిట్టు లేదు. ఈసారి ఒక్కరు తగ్గినా నా ఉద్యోగం ఉండదు. అందుకే బాగా నవ్వుతా తిరిగేవాళ్లని కనిపెట్టుకుని ఉంటన్నాను."

నాగమణి అన్నం డబ్బా మూత పెట్టేసింది.

ఆఖరి రోజు జగాల్చీ చేపల మార్కెట్‌కి వెళ్లారు. అశోక్ గంట సేపు తిరిగి రమ్మన్నాడు. లోపల రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్లు వంచిన తల ఎత్తకుండా చేపలు కోస్తున్నారు. నాగమణి వాళ్ల చేతుల వంకే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటా చూపు? కదలండి," అని మధులత రెక్క పట్టుకుని లాగింది.

"నడుత్తన్నాను కదే. తొయ్యకు."

"మీ నడకకి తెల్లారిపోతుంది. మిమ్మల్ని తగిలించినవాళ్లని అనాలి."

"నోరు ముయ్యండి ఇద్దరూ," అన్నాడు నాగవంశీ. అతనికి చెమటలు పడుతున్నాయి.

ఆ కేకలు అశోక్‌దాకా వినిపించాయి. రెండడుగులు ఇటు వేశాడు. మళ్లీ తల అడ్డంగా ఊపుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నవ్వుకుంటున్న ఓ కొత్త జంట వెనకాల వెళ్లిపోయాడు.

ముగ్గురూ తిట్టుకుంటూనే వెనక గుమ్మం దాటారు. సందు మలుపు తిరిగారు. మెట్రో మెట్ల దగ్గరకొచ్చాక నాగమణి ఆగింది.

"ఆ అశోకు... పాపం, అన్నం పెట్టాడు."

"అది ఇప్పుడా గుర్తొచ్చేది?" అంది మధులత. అంటూనే వెనక్కి తిరిగి సందు వైపు చూసింది.

నాగవంశీ ఎవరి వంకా చూడలేదు. గబగబా మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు. మధులత రెండో వైపు తిరిగింది. నాగమణి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఏర్‌పోర్టులో నిన్ను మొదటిపాలి సూసినప్పుడే అడగాల్సింది, ఏజెంటు పెట్టిన కోడలి పేరు కాదమ్మా, నీ అసలు పేరేటి?"