సాలోమోను చెవి

"ఎవరు సప్పుడు చెయ్యకుండ్రి! సాలోమోనన్న వింటున్నడు."

మేనేజర్ భూపాల్ సార్ చెయ్యెత్తగానే షెడ్డంతా గప్‌చుప్ అయిపోయింది.

మొయినాబాద్ దాటాక ఉన్న ఆ కంపెనీలో పొలాలకు నీళ్లు తోడే మోటర్లు తయారుచేస్తారు. ప్రతి మోటరూ బయటికి పోయేముందు సాలోమోను దగ్గరికి రావాల్సిందే. మోటరు ఆన్ చేస్తారు. అతను దాని మీద అరచెయ్యి ఆనించి, తల కాస్త వంచి, కళ్లు మూసుకుంటాడు. పది సెకన్లు. "మంచిగున్నది" అన్నాడా, లారీ ఎక్కుతుంది. "ఇప్పుండ్రి" అన్నాడా, విప్పాల్సిందే. విప్పితే లోపల ఏదో ఒక బేరింగు పాడై ఉంటుంది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా అతని మాట తప్పలేదు.

ఆ విద్య కోసమే కంపెనీ ఇప్పుడు ఏఐ మిషన్ తెచ్చింది. మోటరుకు చిన్న మైకు అంటిస్తారు. ఆ శబ్దాన్నీ, సాలోమోను చెప్పిన తీర్పునూ కలిపి మిషన్‌కు ఎక్కిస్తారు. అలా మూడు వేల మోటర్లయ్యాక అది తనంతట తానే చెప్పేస్తుందట. శుక్రవారం పరీక్ష. నలభై మోటర్లు. మిషన్ పాసైతే సోమవారం నుంచి సాలోమోను రానక్కర్లేదు.

అతని బెంగ జీతం గురించనుకునేరు. కానే కాదు. భార్య శాంతమ్మ పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. చేవెళ్లలో ఇంటి తాళం తీస్తే లోపల పలకరించే ప్రాణి లేదు. ఆదివారం వస్తోందంటేనే అతనికి దిగులు. ఒకప్పుడు చర్చిలో ఢోలక్ వాయించేది అతనే. నాలుగేళ్ల కిందట ఉన్నట్టుండి మానేశాడు. పాస్టరుగారు అడిగి అడిగి ఊరుకున్నారు. ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని, ప్రార్థన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతాడు. "మస్తు పొగరు" అని జనం తేల్చేశారు. జనానికేం, తేల్చేస్తారు. అతనికి మిగిలిన మనుషులల్లా ఆ షెడ్డులోని వాళ్లే.

ఇదివరకైతే ఏటా నలుగురైదుగురు ఇంజినీరింగ్ పిల్లలు ట్రైనింగుకి వచ్చి అతని చుట్టూ మూగేవాళ్లు. ఈసారి ఒక్కతే వచ్చింది, సాహిత్య. అదైనా అతని దగ్గర నేర్చుకోవడానికి కాదు, మిషన్‌కు నేర్పడానికి.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"మా క్లాసుల అరవై మందిమన్నా. నౌకరి తొమ్మిది మందికే వచ్చింది. నాదైతే ఉత్త ఆర్నెల్ల ట్రైనింగే. ఈ మిషన్ పాసైతే నన్ను గూడ పొమ్మంటరు."

సాలోమోను అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని, ఆమె మాట్లాడినంతసేపూ పెదాల వైపే చూశాడు.

"మరి దానికెందుకు నేర్పుతున్నవ్ బిడ్డా?"

"నువ్వెందుకు నేర్పుతున్నవ్?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అతను నవ్వి ఎన్నాళ్లయిందో!

"నాకు గూడ ఆ వినుడు నేర్పన్నా. మిషన్‌కన్నా ముందు నేనే నేర్చుకుంట."

సాలోమోను మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

"అది చెప్తే వచ్చేది కాదు బిడ్డా," అని డబ్బా మూత పెట్టేసి లేచిపోయాడు.

సాహిత్యకు ఉక్రోషం వచ్చింది. మిషన్‌కైతే నేర్పుతాడట, మనిషికి నేర్పడట! అయినా మనసు ఊరుకోలేదు. మంగళవారం మళ్లీ అతని ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, ఇంకా టైమున్నది. ఓ రెండొందల మోటర్లకు ఉల్టా చెప్పు. మిషన్ ఆగమైతది. ఎవరికి ఎరుకైతది?"

అతను ఆలోచించకపోలేదు. చాలాసేపే ఆలోచించాడు.

"ఖరాబు మోటరును మంచిదంటే అది ఏ రైతు బాయికి పోతదో మనకెర్కనా? నీళ్లు లేక టమాట తోట ఎండిపోతది. నాతోని కాదు బిడ్డా."

శుక్రవారం వచ్చింది. ముప్పై తొమ్మిది మోటర్లకు మనిషీ మిషనూ ఒకే మాట చెప్పారు.

నలభయ్యోదానికి సాలోమోను "మంచిగున్నది" అన్నాడు. మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది.

అందరూ సాలోమోను వైపే చూశారు. అతని మాట తప్పడమా! సాహిత్యకు ప్రాణం లేచొచ్చింది. మిషన్ తప్పింది, ఇక అన్న ఉద్యోగం ఎక్కడికీ పోదు. మోటరు విప్పారు. లోపల బేరింగు మీద వెంట్రుక మందం పగులు.

"వారెవ్వా! నీ చెవికి అందనిది గూడ పట్టేసింది గదన్నా ఇది!" భూపాల్ సార్ శాలువా కప్పాడు, ఫొటో దిగాడు. "ఇంక ఇంటిపట్టున ఆరాంగ ఉండు. ఏం ఫికర్ చెయ్యకు."

సాలోమోను తలూపాడు. శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మోటర్ల వరస మీద ఒకసారి చెయ్యి రాసి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

సాహిత్య గబగబా బ్యాగు అందుకుంది. పరుగున గేటు దాకా వచ్చింది. అతను పది అడుగుల ముందే ఉన్నాడు.

"సాలోమోనన్నా! ఆగు! నేను గూడ వస్తున్న, బస్టాప్ దాక కలిసి పోదాం!"

అతను తిరిగి చూడలేదు.

"అన్నా! నీకే!"

ఆ కేకకు రోడ్డవతల పూల తోటలో కలుపు తీసేవాళ్లు కూడా తలెత్తి చూశారు. సాలోమోను మాత్రం అదే నడక.

'ఇంత పొగరా! నేనేం పాపం చేసిన?' అనుకుంది ఆ పిల్ల. కళ్లనిండా నీళ్లొచ్చాయి. అక్కడే ఆగిపోయింది.

సాలోమోను రెండు చెవులూ నాలుగేళ్ల కిందటే పూర్తిగా పోయాయన్న సంగతి, చనిపోయిన భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు.