గార్డుగారి సగం

మ్యూచువల్ ఫండ్ ఫారాలు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. కలకత్తాలో మూడింటికి కౌంటరు మూసేస్తారు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద లోకల్ కదలబోతుంటే నా భార్య సూసన్న ఎక్కి కూర్చుంది. నేను ఎక్కలేదు.

నా రిటైర్మెంటు డబ్బు చెరి సగం చేసుకున్నాం. ఆమె సగం, ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఇండెక్స్ ఫండ్‌కి. షేర్ మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీలన్నిటి షేర్లూ కొనేసి చేతులు కట్టుకు కూర్చునే ఫండ్ అది. నా సగం మాత్రం ఏది ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో తెలిసిన మేనేజరున్న ఫండ్‌కి. నా చేతిలోని ఆ ఫండ్ పుస్తకం అట్ట మీద ఆ మేనేజరు నవ్వుతున్నాడు.

"అన్ని స్టేషన్లలో ఆగే బండి ఎవడెక్కుతాడే? ఎనకాలే ఎక్స్‌ప్రెస్ వస్తంది. కంట్రోల్ రూములో అడిగే వచ్చినాను. ముప్పై ఏళ్లు గార్డుగా సేసినాను, నాకు తెల్దా?"

"మీ ఇష్టం," అంది సూసన్న. లోకల్ వెళ్లిపోయింది.

ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. నేను చేరేసరికి మూడున్నర. మూసిన కౌంటరు బయట, మెట్ల మీద సూసన్న ఒళ్లో రసీదు పెట్టుకుని కారం మరమరాల ఝాల్‌మురీ తింటోంది.

నేను సిగ్నల్‌నీ, కంట్రోల్‌నీ, ముందు అడ్డం పడిన గూడ్సునీ వరసగా తిట్టాను. ఆమె ఓపిగ్గా అంతా విని, పొట్లం నా ముందుకు చాచింది.

"ఏటండీ, మీ ఫండు మేనేజరు కూడా రైల్వేలోనే సేసినాడేటి?"

నేను ఆయన ఫొటో ఉన్న పుస్తకంతో విసురుకున్నాను.