గేర్లు మాత్రం వచ్చు

కారు మళ్లీ మొదటి మలుపులోనే రోడ్డు దిగిపోయింది.

తెర మీద తెల్ల గీతలు చెదిరాయి. మెషీన్ ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

సీట్లో కూర్చున్న పెద్దావిడ మాత్రం నవ్వుతోంది.

"విన్నావా బాబూ? నాలుగో గేరు ఎంత మెత్తగా పడిందో!"

సుందర్ రాజ్‌కి ఒళ్లు మండింది.

"గేరు పడితే సరిపోయిందా అమ్మా? స్టీరింగ్ ముట్టుకోరే! అదెవరు తిప్పుతారు, మీ ఆయనొచ్చి తిప్పుతాడా?"

"అంతేగా మరి," అంది కరుణమ్మ, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల స్వెటర్ సర్దుకుంటూ.

అమెరికాలో నోవై అనే ఊళ్లో ఒక మాల్. ఎనభై రెండు చలికాలం.

ఇప్పుడంటే స్టీరింగూ గేరూ పెడళ్లూ అట్టపెట్టెలో పెట్టి ఇంటికే పంపుతున్నారు. ఎవడి గదిలో వాడు తలుపేసుకుని తోలుకుంటున్నాడు. అప్పుడలా కాదు. నలుగురి మధ్యలో కూర్చుని తోలాలి, గుద్దేస్తే నలుగురి చేతా నవ్వించుకోవాలి. పాప్‌కార్న్ వాసన, మంచులో తడిసిన బూట్ల వాసన, గల్లుమని పడే చిల్లర. ఆ సందడి ఇప్పుడు ఏ డబ్బాలోనూ పెట్టి అమ్మరు.

సుందర్ రాజ్ ఎనిమిదితో చదువు మానేసి గుడివాడలో లారీ తోలినవాడు. భార్యకి నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనక వచ్చాడు. ఇక్కడ అతనికి దొరికిన పని, ఈ ఆటల షాపులో నోట్లు తీసుకుని చిల్లర ఇవ్వడం.

కరుణమ్మ కూతురిది అదే మాల్‌లో మందుల షాపులో ఉద్యోగం. కూతురి డ్యూటీ అయ్యేదాకా ఈవిడ ఇక్కడ.

ఎన్ని మెషీన్లున్నా ఆవిడకి ఆ ఒక్కటే కావాలి. మూలనున్న పాత కారు ఆట. నాలుగు గేర్లది.

ఎడం చెయ్యి ఒళ్లో. కుడి చెయ్యి గేరు మీద. కాలు పెడల్ మీద. కళ్లు మూసుకునేది.

ఇంజన్ చప్పుడు పెరిగేది. "ఊఁ," అని తనలో తనే అనుకునేది. గేరు వేసేది.

లారీ తోలిన చెవికి తప్పు పట్టడానికి దొరికేది కాదు. అదే సుందర్ రాజ్‌కి ఇంకా మంట.

ఒకరోజు షాపు ఖాళీగా ఉంటే తనే కూర్చున్నాడు. గేరు కోసం అలవాటుగా ఎడం చెయ్యి చాపాడు. వేళ్లు చెక్కకి టక్కున తగిలాయి.

"ఆ చెయ్యి కాదు బాబూ! ఇక్కడ గేరు ఇటుంది," అని కరుణమ్మ పగలబడి నవ్వింది.

"మీకు డ్రైవింగ్ వచ్చా?" అన్నాడు వేళ్లు ఊదుకుంటూ.

"అబ్బే, రాదు. గేర్లు మాత్రం వచ్చు."

ఇంటికెళ్లి భార్యకి చెప్పి నవ్వాడు. ఆరోజు నుంచి ఆవిడ పేరు గేర్ల మామ్మ.

జనవరిలో ఓనర్ చెప్పాడు. "రంగుల మెషీన్ వస్తోంది సుందర్. పాతవాటిలో ఒకటి తీసెయ్. ఏదనేది నీ ఇష్టం."

ఆ దేశంలో అతని ఇష్టం అడిగింది అదే మొదటిసారి. సుందర్ రాజ్ ఆలోచించలేదు. మూలనున్నదాన్ని చూపించాడు.

కరుణమ్మ మొహం వాడిపోయింది.

"దీన్నే ఎందుకు బాబూ? మూలనుంది, ఎవరికి అడ్డం?"

"కొత్తదాంట్లో కూడా గేర్లున్నాయిగా."

"రెండే అంటగా. రెండు గేర్లకి ఏం మాట్లాడుకుంటాం?"

"ఇది షాపమ్మా. పాత సామాన్లు దాచుకోడానికి మ్యూజియం కాదు."

ట్రక్కు వచ్చి మెషీన్‌ని పట్టుకుపోయింది, తుక్కు కింద.

మర్నాడు ఆవిడ వచ్చింది. మెషీన్ ఉన్నచోట తివాచీ రంగు మాసిపోకుండా కొత్తగా మెరుస్తోంది. దాని పక్కన కాసేపు నిలబడింది. కుడి చేతిని స్వెటర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

మంచు కరిగాక ఒకమ్మాయి వచ్చింది. మెడలో మందుల షాపు బిళ్ల. పేరు ప్రేమజ్యోతి.

"వందనాలు బ్రదర్. ఇక్కడ నాలుగు గేర్ల కారు ఆట ఉండేదట. అమ్మ తెగ చెప్పేది. ఒకసారి చూసి పోదామని..."

"తీసేశారమ్మా," అన్నాడు. తీసేశాను అనలేకపోయాడు. "అమ్మగారు రావట్లేదే?"

"పోయిన నెల ప్రభువు పిలుచుకున్నాడు బ్రదర్."

సుందర్ రాజ్ చేతిలో ఉన్న చిల్లర మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఆవిడకి డ్రైవింగంటే భలే ఇష్టం," అన్నాడు చివరికి.

"అమ్మకి డ్రైవింగ్ ఎక్కడొచ్చు! డ్రైవర్ మా నాన్న. పాలకొల్లు దగ్గర మిషన్ ఆస్పత్రి జీపు తోలేవాడు. నేను పుట్టకముందే ఆయన ఎడం చెయ్యి చచ్చుబడిపోయింది."

"ఎడం చెయ్యా? మరి గేరు?"

"ఆస్పత్రి నడిపే తెల్లదొరకి తెలిస్తే పని పోతుందని, రోగులకి తోడు వస్తానని చెప్పి అమ్మ పక్క సీట్లో కూర్చునేది."

అక్కడ డ్రైవరుది కుడి సీటు. పక్కన కూర్చున్న మనిషికి గేరు కుడిచేతి కిందే ఉంటుంది.

సుందర్ రాజ్ ఆ తివాచీ ముక్క వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నాన్న స్టీరింగ్ పట్టుకుని, క్లచ్ తొక్కి 'ఊఁ' అనేవాడట బ్రదర్, అమ్మ గేరు వేసేదట; నేను పుట్టిన రోజున కూడా, నొప్పులు పడుతూనే, ఆస్పత్రిదాకా అమ్మే గేర్లు వేసుకుంటూ వచ్చిందట."