తాతపెట్టె చెప్పిన వాత

ఇప్పుడు ప్రతి గూడెంలోనూ తాతపెట్టె అనే ఒక మాట్లాడే యంత్రం ఉంది. ఏది అడిగినా పెద్దల మాట చెబుతుంది. చింతూరు దగ్గరి ఒక కోయగూడెంలో దానికి పాటలు, పండుగలు, పసరుమందులు మూడేళ్ళు కూర్చుని నేర్పినవాడు రిటైరైన పంతులు మడకం జోగయ్య. "ఒక్క ముక్క తీసినా మన సంస్కృతి చచ్చిపోద్ది" అని, కొన్ని తీసేద్దామన్న ఆఫీసర్లతో పోట్లాడి, తన గొంతే దానికి పెట్టించాడు. అది మాట్లాడినప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు.

ఒక ఉదయం మనవరాలికి పొట్ట ఉబ్బింది. జోగయ్య చేని నుంచి వచ్చేసరికి కోడలు ఉంగి పొయ్యిలో కొడవలి ఎర్రగా కాలుస్తోంది.

"ఏందమ్మా అది?"

"పొట్ట మీద మూడు వాతలు పెట్టమంది పెట్టె. నీ గొంతే గదా మామా!"

చిన్నప్పుడు తనకు పెట్టిన వాతలు జోగయ్యకు చురుక్కుమన్నాయి. వాత ఎలా పెట్టాలో పెట్టెకు చెప్పాడు గాని, తాను ఎంత ఏడ్చాడో చెప్పలేదు. సంస్కృతికి ఏడుపు అవసరమనిపించలేదు మరి! కొడవలి లాక్కుని నీళ్ళలో ముంచి, పిల్లను ఎత్తుకుని, దారంతా తనను తానే తిట్టుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తాడు.

సాయంత్రానికి పిల్ల తేరుకుంది. జోగయ్య పెట్టె ముందు చాప మీద కూర్చుని, "బిడ్డకు పాడే పాట ఉంచు. వాత తీసెయ్" అన్నాడు.

"పెద్దల మాట మార్చడానికి నువ్వెవడివి?" అని అతని గొంతే అతన్ని గద్దించింది.

ఉంగి పకపకా నవ్వింది. "జరుగు మామా, నేను చెప్తా."

"ఆడవాళ్ళ మాట నాకెవరూ నేర్పలేదు" అంది పెట్టె.

"నేర్పని ఆ తెలివైనోణ్ణి నేనే" అని జోగయ్య గొణిగి, చాప ఖాళీ చేసి కోడలికిచ్చాడు.