వేలెడంత తల్లులు

కొల్లేటి లంకల్లో చెరువు చేపలన్నిటికీ ఒంట్లో హార్మోను బిళ్ళ పెట్టించాక, వాన పడితేనే గుడ్లు పెడతామనే వాటి పాత చాదస్తం వదిలిపోయింది. ఏడాది పొడుగునా పురుళ్ళే. మూడో తరానికల్లా పిల్లలు అసలు పెరగడమే అనవసరమని తేల్చుకున్నాయి. వేలెడంత ఉండగానే కడుపులతో ఈదడం మొదలుపెట్టాయి.

చేపల మీదే బతికే భద్రమ్మ వల లాగితే నిండా చూలింతలే తప్ప, పులుసుకు పనికొచ్చే ముక్క లేదు. కొనేవాడూ లేడు.

బిళ్ళల కంపెనీ ఆఫీసరు శశాంక్ మాత్రం ఆమె ఇంటికొచ్చి, వలలోకి తొంగిచూసి మురిసిపోయాడు. "ప్రొడక్షన్ పదింతలైందమ్మా!"

"మరి తినడానికి చేపేదండీ?"

"పెరగడానికి వేరే బిళ్ళ వస్తోంది. దాంతో ఇంకేమైనా తేడా వస్తే, దానికీ ఒకటి తెస్తాం."

అంతలో పెరటి గుంటలో ఏదో ఎగిరిపడింది. ఆమె భర్త ఏడుకొండలు బిళ్ళకు దొరక్కుండా దాచిన కొర్రమేను జంట అది. శశాంక్ బిళ్ళ ఎక్కించే సూది తీశాడు. ఏడుకొండలు గుంటకు అడ్డం వచ్చాడు.

భద్రమ్మ ఉన్నమాటే చెప్పింది. "అవి వానలు పడితేనేగానీ గుడ్లు పెట్టవండి. పెట్టినా, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా వాటి వెనకాలే తిరుగుతా ఉంటాయండి."

"ఏడాదికొక్క కాన్పా? పైగా పిల్లల్ని పెంచడమా?" శశాంక్ జాలిపడి సూది సంచిలో పెట్టేశాడు. "ఇలాంటి సోమరిపోతులకి బిళ్ళ దండగమ్మా. కూరొండుకోండి."

తొలకరి పడ్డాక గుంటలో ఎర్రటి పిల్లలు గుంపుగా తేలాయి. చుట్టూ తల్లీ తండ్రీ కాపలా తిరుగుతున్నాయి. భద్రమ్మ వంగి, ఒకదాన్ని దోసిట్లోకి తీసి వెలుగుకు పట్టి చూసింది. దాని కడుపులో ఆకలి తప్ప ఏమీ లేదు.