చలికి వేసిన ఈల

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపలికొచ్చిన మనిషి ఒంటిమీద మాత్రం రెండు స్వెట్టర్లు.

కూర్చుంటూనే సన్నగా ఈల వేశాడు.

"ఇది ఆఫీసండీ," అంది బల్ల వెనక కూర్చున్న ఆమె చిరాగ్గా.

"ఏమనుకోకండమ్మా. చలేస్తే దానంతటదే వచ్చేస్తుంది."

ఉపగ్రహం సముద్రం పైనీటి వేడి కొలుస్తుంది. దాన్నిబట్టి అడుగున నీళ్లు ఎంత వెచ్చగా ఉంటాయో లెక్కగట్టడం ఆమె పని. ఆ పనిలో తనను మించినవాళ్లు లేరని ఆమె ధీమా.

"మూడేళ్ల కిందట, ఎండాకాలంలో, లైట్‌హౌస్ అవతల నీళ్ల అడుక్కి దిగాను. అప్పట్నుంచీ ఈ వణుకు. డాక్టర్లేమో అంతా నీ భ్రమ అంటున్నారు. ఆ నీళ్లు మంచులా ఉన్నాయని మీరొక్క ముక్క రాసిస్తే వైద్యం మొదలుపెడతారు."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి ఆనాటి లెక్క తీసింది.

"పైన ఇరవై తొమ్మిది డిగ్రీలు. అడుగున ఇరవై ఆరు. హాయిగా ఈత కొట్టొచ్చు!"

"అక్కడ ఎవరైనా దిగి కొలిచారామ్మా?"

"దిగక్కర్లేదు. పైన చూస్తే లోపల తెలిసిపోతుంది."

అదే రాసి సంతకం పెట్టింది. ఆయన కాగితం మడిచి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన పేరు కూడా ఆమె అడగలేదు.

సాయంత్రం తమ్ముడికి కాఫీ ఇస్తూ ఆ సంగతే చెప్పి నవ్వింది. అతను ఓడల మీద మెకానిక్కు.

"ఆ వేషం చూడాలిరా! ఎండల్లో స్వెట్టర్లు, పైగా ఈలొకటి."

తమ్ముడి చేతిలో కప్పు ఆగిపోయింది. మెల్లగా ఈల వేశాడు.

"ఇదేనా?"

"అదే! నీకెలా తెలుసు?"

"ఉద్యోగం మాన్పిస్తావని దాచానక్కా. మూడేళ్ల కిందట నేను ఆస్పత్రిలో పడున్నది జ్వరమొచ్చి కాదు. లైట్‌హౌస్ అవతల మా ఓడ మునిగింది. అడుక్కిపోయిన గదిలో కాస్త గాలి మిగిలింది. చీకటి, గడ్డకట్టే చలి. ఎవరో ఈదుకుంటూ వచ్చాడు. పైనుంచి తాడు దిగేదాకా నేను నిద్రలోకి జారకుండా చెవిలో ఈల వేస్తూనే ఉన్నాడు. మొహం చూళ్లేదు."

ఆమె వెంటనే ఆఫీసు వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"ఆయనా? మధ్యాహ్నమే బస్సెక్కేశాడండీ. ఎక్కడుంటాడో ఏమో."

ఆమె ఫోన్ పెట్టేసింది.

"నీళ్లు వెచ్చగా ఉన్నాయని సంతకం పెట్టిచ్చానురా!"

తమ్ముడు కప్పు కింద పెట్టాడు.

"ఆ చలి నాకు పట్టాల్సిందక్కా... తన ఒంటిమీది, చలి ఆపే డైవింగ్ సూటు విప్పి నాకు తొడిగాడు."